చిరునామాకు తగిలించిన తోక

దొంగ దొరికిందని మా తమ్ముడు గద్వాల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో, కాలేజీ ప్రయోగశాలలో, పిల్లలు రాసిచ్చిన లోలకం ఫలితాలు చూస్తున్నాను. ప్రతి ఒక్కరికీ గురుత్వ త్వరణం పాఠ్యపుస్తకంలో ఉన్న విలువే వచ్చింది. కొలిచినవాడికి అంత కచ్చితంగా ఎన్నడూ రాదు. కాపీ కొట్టినవాడికే వస్తుంది. ఆ చిరాకులో ఉండగా విన్నందువల్లనో ఏమో, తమ్ముడి గొంతులోని ధీమా కూడా నాకు ఆ ఫలితాల లాగే తోచింది.

“దొరికిందక్కా. ఇగ మాట్లాడేది ఏం లేదు.”

“ఎవరు?”

“మన అంచులు గీసే ఆమె. కంప్యూటర్లనే పడ్డది, తారీఖుతోని సహా.”

“కంప్యూటర్లో ఏం పడింది?”

“అగో, మొదలువెట్టినవు. నీకు దేవుడు ఎదురొచ్చి నిలవడ్డా రేషన్ కార్డు అడుగుతవు.”

మాది నేతపని ఇల్లు. నేను చదువు వెంట వనపర్తికి వచ్చి, జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ అక్కడే ఉండిపోయాను. తమ్ముడు గద్వాలలో షెడ్డు వేసి, మగ్గాలు పెట్టి, పదిమందితో చీరలు నేయించే స్థాయికి వచ్చాడు. నూలు చీరకు పట్టు అంచు కలపడం మా ఊరి పనితనం. ఆ అంచు ఎలా ఉండాలో ముందుగా గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ గీస్తారు. ఒక గడి ఒక పోగుకు గుర్తు. మా షెడ్డులో ఆ పని చేసే మనిషి మా వీధి కోడలు. భర్త మా మగ్గం మీదే నేసేవాడు. ఆమె అంచులు గీసేది.

ఆ ఏడు ఆమె జొన్నకంకుల అంచు ఒకటి గీసింది. కంకి తలవాల్చి, గింజ గింజా విడిగా కనబడే అంచు. అంతకు ముందు అటువంటిది గద్వాలలో ఎవరూ నేయలేదని తమ్ముడు గొప్పగా చెప్పుకున్నాడు. అయితే మా మగ్గం మీద మొదటి చీర సగానికి రాకముందే, అదే వీధిలోని మరో సేటు గుమ్మంలో జొన్నకంకుల చీర వేలాడింది. కంకులు అవే, వాలు అదే.

ఇక్కడ వెబ్‌సైటు సంగతి చెప్పాలి. రెండువేల తరువాతి ఆ సంవత్సరాల్లో గద్వాలలో ఇంటర్‌నెట్ సెంటర్లు తెరిచారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన మా తమ్ముడికి చీరల వెబ్‌సైటు చేసిపెట్టాడు. ముందు పేజీల్లో పాత చీరలు ఎవరైనా చూడవచ్చు. లోపల ఒక గది లాంటిది ఉంది. కొత్త అంచుల బొమ్మలు అందులో దాచేవారు. అందులోకి పోవాలంటే రహస్యపదం కావాలి. అది ముగ్గురికే ఉంది: తమ్ముడికి, ఆ అంచులు గీసే ఆమెకు, సైటు చేసినాయనకు. ఆ గదిలోకి ఆమె పేరుతో నాగర్‌కర్నూలు నుంచి ఎవరో వచ్చి జొన్నకంకులను చూసినట్టు తన దగ్గర నమోదై ఉందని సైటాయన చెప్పాడు. ఆ వారమే ఆమె నాగర్‌కర్నూలుకు పోయి వచ్చింది. ఇంకేం కావాలన్నాడు తమ్ముడు.

అన్నది ఇంట్లో కాదు. షెడ్డులో, నేసేవాళ్ళందరి ముందు. అదే నన్ను కలవరపెట్టింది. అంచు అమ్ముకుందన్న మాట గద్వాలలో ఒకసారి పడితే, ఆమె గీసిన కాగితాన్ని ఏ సేటూ ముట్టుకోడు. ఆమెకు వచ్చిన విద్య అదొక్కటే. అమావాస్యనాడు మగ్గాలు ఆగుతాయి. ఆ రోజు ఆమెను పనిలోంచి తీసేసినట్టు అందరి ముందు చెబుతానని తమ్ముడు నిశ్చయించుకున్నాడు.

“అమావాస్య దాకా ఆగు,” అన్నాను. “ఈలోపు నేను చూస్తాను.”

“చూడు. నువ్వు చూడకుంటె నీకు అన్నం సయించదు, నాకు ఎరుకే.”

ఆమె మంచిదని నేను ఈ పని నెత్తికెత్తుకోలేదు. మంచితనం కొలవడానికి నా దగ్గర సాధనం లేదు. నిజం చెప్పాలంటే ఆమె మీదా నాకు అనుమానం ఉంది. సైటు చేసినాయన మీద అంతకంటే ఎక్కువ ఉంది. తన వస్తువు ఎన్నడూ పొరపాటు పడదని చెప్పే అమ్మకందారు ప్రతి ఒక్కరి మీదా నాకు ఉండే అనుమానమే అది. ముందు ఆయనకే ఫోన్ చేశాను.

“వచ్చింది ఆవిడే అని మీకెలా తెలుసు?”

“చాలా సింపుల్ మేడమ్. మామూలు సైట్లు కుకీలు వాడతాయి. అంటే చూసేవాళ్ళ కంప్యూటర్‌లో చిన్న గుర్తు దాచిపెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని చూసి పోల్చుకుంటాయి. మీ ఊళ్ళో అది కుదరదు. ఇంటర్‌నెట్ సెంటర్లవాళ్ళు సాయంత్రానికి అన్నీ తుడిచేస్తారు. కొందరైతే కుకీ అంటే వైరస్ అనుకుని అసలు రానివ్వరు. అందుకని నేను కుకీలు లేకుండానే చేశాను.”

“ఎలా?”

“రహస్యపదం కొట్టి లోపలికి వచ్చిన ప్రతి మనిషికీ సైటు ఒక పొడుగాటి నంబరు ఇస్తుంది. పేజీ చిరునామా చివర అది తోకలాగా వేలాడుతుంది. ఏ పేజీకి వెళ్ళినా తోక వెంటే వస్తుంది. ఆ నంబరును బట్టి మనిషి ఎక్కడెక్కడ తిరిగిందీ నేను చెప్పగలను. పక్షి కాలికి కడియం వేసి వదిలినట్టు.”

పోలిక బాగుంది. బాగున్న పోలికలంటే నాకు మరీ అనుమానం. పక్షి తన కడియాన్ని విప్పి ఇంకో పక్షికి తొడగలేదు. ఇక్కడ కడియం పక్షి కాలికి ఉందా, పక్షి వాలిన కొమ్మకు ఉందా?

“ఆ నంబరు ఎన్నాళ్ళు పనిచేస్తుంది?”

“మామూలుగా అయితే కాసేపటికి చచ్చిపోవాలి. మీ దగ్గర కరెంటు ఊరికే పోతుంది కదా మేడమ్. బొమ్మ ఎక్కిస్తుండగా పోవడం, మళ్ళీ మొదటి నుంచీ రావడం. మీ తమ్ముడుగారే విసుగెత్తి, అస్సలు తెగకుండా చెయ్యమన్నారు. చేశాను.”

ఆ ఆదివారం గద్వాలకు బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర వంతెన దాటుతున్నప్పుడు కిటికీలోంచి కృష్ణను చూస్తూ కూడా ఆ తోక గురించే ఆలోచిస్తున్నాను. తమ్ముడింటికి పోకుండా నేరుగా ఆమె ఇంటికి పోయాను. గుమ్మంలో కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచింది కానీ, లోపలికి రమ్మనలేదు.

“నాగర్‌కర్నూలుకు పోయిన మాట నిజమేనా?” అన్నాను.

“పోయిన. మా అక్కకు కాన్పయింది, పోయిన. ఎవ్వరికి దాస్తిని?”

“అక్కడ ఇంటర్‌నెట్ సెంటరుకు వెళ్ళావా?”

“బాలింతకు కారం ముద్దలు వెట్టుడు, పిల్లకు నీళ్ళు వోసుడు. అది యాడుంటదో గూడ నాకు తెల్వదు.”

“నువ్వు ఇంట్లోంచి కదల్లేదని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

ఆమె చేతిలోని పల్లీలు చేటలోకి విసిరింది. “పురుటింట్ల కూసున్నోళ్ళకు సాక్షులెవరుంటరక్కా? పో, పసిదాన్ని అడుగు. ఊ కొడితె రాసుకో.”

నాకు నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. కోపం నిర్దోషికి వచ్చినంత సులువుగా దోషికీ వస్తుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆమె మటుకు నన్ను లెక్క కట్టేసింది. “నువ్వు గూడ ఆయన తరఫునే వచ్చినవు,” అంది, చేట ఎత్తుకుని లోపలికి పోతూ.

వనపర్తికి తిరిగివచ్చాక ఒక సంగతి గుర్తుకొచ్చింది. వెబ్‌సైటు కొత్తగా పెట్టినప్పుడు తమ్ముడు చీరలు కొనే షాపులవాళ్ళందరికీ ఒక మెయిల్ పంపించాడు. వనపర్తి, నాగర్‌కర్నూలు, కర్నూలు, రాయచూరు, ఎక్కడెక్కడి వాళ్ళకో. అందులో నన్ను కూడా కలిపాడు. తమ్ముడి గొప్పలు నాకు కొత్త కావు కనుక దాన్ని తెరవలేదు. ఇప్పుడు కాలేజీ దగ్గరి సెంటరుకు పోయి తెరిచాను. “మా చీరలు చూడండి” అన్న ఒక్క వాక్యం, దాని కింద సైటు చిరునామా. ఆ చిరునామా అక్షరాలు, అంకెలుగా సాగి సాగి రెండో వరుసలోకి దిగింది.

దాని మీద నొక్కాను. రహస్యపదం అడగలేదు. పేజీ పైభాగంలో స్వాగతం పలుకుతూ ఆ అంచులు గీసే ఆమె పేరు కనబడింది. పక్కన కొత్త అంచుల గది. నొక్కితే జొన్నకంకులు వచ్చాయి.

ఒక్కసారి జరిగినదాన్ని నేను ఫలితం అనను. ఆ కంప్యూటరే ఏదో గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. పక్క కంప్యూటర్‌లో చూశాను, అదే పేరు. తోక తీసేసి చిరునామా ముందు భాగం మాత్రమే కొట్టాను. పేరు లేదు, కొత్త అంచులు నొక్కితే రహస్యపదం అడిగింది. తోక మళ్ళీ తగిలించాను, మళ్ళీ ఆమెనయ్యాను. ఆ వారంలోనే ప్రాక్టికల్ పరీక్షల పని మీద నాగర్‌కర్నూలు పోవాల్సి వచ్చింది. అక్కడ బస్టాండు దగ్గరి సెంటరులోనూ చేసి చూశాను. తేడా లేదు. సెంటరు నడిపే మనిషి నా భుజం మీది నుంచి తొంగి చూసి, “చీరలు మంచిగున్నయి మేడమ్, మీయేనా?” అన్నాడు. పైన కనబడుతున్న పేరు నాదే అనుకున్నాడు పాపం. మనుషులు కూడా సైటంత తొందరగానే నమ్ముతారు.

అమావాస్యకు ముందురోజు గద్వాల పోయి, తమ్ముణ్ణి ఇంటర్‌నెట్ సెంటరుకు తీసుకుపోయాను. ఎందుకో చెప్పలేదు. చెబితే తనకు కావలసినదే చూస్తాడు. వాడి మెయిల్ వాడి చేతే తెరిపించి, ఆ చిరునామా మీద నొక్కమన్నాను. తరువాత సైటాయనకు ఫోన్ కలిపాను.

“మీ సైటులో ఇప్పుడు ఎవరున్నారో చెప్పగలరా?”

కాసేపు మీటలు కొట్టిన చప్పుడు. తరువాత ఆయన గొంతు పైకి లేచింది. “మేడమ్, ఉంది! ఆవిడే! ఈ నిమిషంలో జొన్నకంకులు చూస్తోంది. నాగర్‌కర్నూలు నుంచే! మీ తమ్ముడుగారికి వెంటనే చెప్పండి, మనిషిని పంపితే పట్టుకోవచ్చు.”

ఫోను తమ్ముడి చెవి దగ్గర పెట్టాను. వాడు మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు, కాలినట్టు.

“ఏందిది సారూ? చూస్తున్నది నేనే గద!” అని అరిచాడు. “నేను గద్వాల్ల ఉన్న!”

సెంటరులో మిగిలినవాళ్ళు మా వైపు తిరిగారు. నేను ఫోను వెనక్కి తీసుకున్నాను.

“నాగర్‌కర్నూలు అని మీకు ఎక్కడ కనబడింది?”

“అంటే... కనెక్షన్ నంబరు జిల్లా మొత్తానికీ, గద్వాలకైనా నాగర్‌కర్నూలుకైనా, ఒకే వరుసలో వస్తుంది మేడమ్. ఏ ఊరన్నది అందులో ఉండదు. ఆవిడ ఆ రోజుల్లో నాగర్‌కర్నూలు వెళ్ళారని సారే చెప్పారు కదా. అందుకని...”

తమ్ముడు చెప్పిన మాటను ఆయన కంప్యూటర్ మాటగా తమ్ముడికే తిరిగి చెప్పాడు. తమ్ముడు దాన్ని సాక్ష్యం అనుకున్నాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. మా పిల్లల లోలకం కూడా ఇలాగే పనిచేస్తుంది: రావలసిన జవాబు ముందే తెలిస్తే అదే వస్తుంది.

మిగిలింది ఒకటే ప్రశ్న. తోక మెయిల్లోకి ఎలా వచ్చింది? అది అడగగానే తమ్ముడు జేబులోంచి మడత పెట్టిన గళ్ళ కాగితం తీశాడు. షెడ్డులో అంచులు గీసే కాగితమే. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె, చుక్కలతో, గీతలతో సహా పేర్చి చిరునామా మొత్తం ఎత్తిరాశాడు. సైటు పెట్టిన కొత్తలో ఆమె తన రహస్యపదంతో బొమ్మలు ఎక్కిస్తూ ఉంటే పక్కన కూర్చుని తెర మీద చూసి రాసుకున్నాడట. ఇన్నాళ్ళూ షాపులవాళ్ళకు అదే చూపిస్తున్నాడు. గద్వాలలో ఇంటర్‌నెట్ సెంటరు నడిపే ఆయన ఆ గడులు చూసే మెయిల్ కొట్టాడు.

“డాట్ కామ్ దాకా రాస్తే చాలని సైటాయన చెప్పలేదా?”

“చెప్పిండు. నేనే వద్దన్న. చాలు అంటే ఎట్లక్కా? గడి ఒక్కటి ఇడిసిపెడితె అంచంత పాడైతది. గా సగం ఎందుకు కత్తిరించాలె? కంప్యూటరాయనకు నేతపని ఏం ఎరుక?”

నేను వాడిని తిట్టలేకపోయాను. మా ఇంట్లో పిల్లలకు మొదట నేర్పేది అదే: ఉన్నది ఉన్నట్టు ఎత్తు, నీకు అర్థం కాలేదని ఒక్క గడీ వదలకు. అర్థం కాని భాగమే కంకికి వంపు ఇచ్చేది. మగ్గం మీద బతుకంతా కాపాడిన ఆ క్రమశిక్షణే ఇక్కడ ఆమె తాళంచెవిని చీరల కొట్లన్నిటికీ పంచిపెట్టింది.

“అయితె ఆమె చెయ్యలే?” అన్నాడు తమ్ముడు, ఇంటికి నడుస్తుండగా.

“చేసిందనడానికి నీ దగ్గర ఏమీ లేదు.”

“గదే గద నేనడిగేది. చెయ్యలేదనే గద?”

“ఆ రెండూ ఒకటి కావు.”

“నీతోని తల గోడకు కొట్టుకోవాలక్కా.”

మరునాడు అమావాస్య. మగ్గాలు ఆగిన షెడ్డులో మనుషుల మాట అలవాటైన దానికంటే పెద్దగా వినబడుతుంది. నేసేవాళ్ళు గోడవారగా కూర్చున్నారు. ఆమె భర్త వాళ్ళలోనే తల దించుకుని ఉన్నాడు. ఆమె కూర్చోలేదు. తమ్ముడు జరిగినదంతా చెప్పాడు. మెయిల్ సంగతి, తోక సంగతి, తన గళ్ళ కాగితం సంగతి కూడా. వాడికి కష్టమైంది, కానీ ఏదీ మింగలేదు.

“చెల్లె, నేను అందరి ముందల అన్న. అందరి ముందలనే అంటున్న. నాది తప్పే. పని నీదే.”

ఆమె వాడి వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

“ఆయన ఎట్లనన్న అంటడు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్పక్కా.”

అందరూ నన్నే చూస్తున్నారు. ఆమె ఏ మాట కోరుతోందో నాకు తెలుసు. అంత ఉదారంగా ఉండగలిగే ఆధారం నా దగ్గర లేదు. పైగా ఆ షెడ్డులో ఒక రుజువు లేని మాట ఆమెను ఇప్పటికే అంత పని చేసింది. దాని మీద ఇంకో రుజువు లేని మాట, తియ్యనిదే అయినా, పెట్టబుద్ధి కాలేదు.

“నీ పేరుతో ఆ అంచు చూసింది ఎవరైనా కావచ్చు,” అన్నాను. “అంతవరకే నాకు తెలుసు.”

“ఎవరన్న అంటే? నేను గూడనా?”

తమ్ముడు కళ్ళతో నన్ను బతిమాలుతున్నాడు.

“నువ్వు కూడా,” అన్నాను.

ఆమె ముఖం బిగుసుకుంది. తరువాత, గడి లెక్కించేటప్పుడు అడిగే గొంతుతో అడిగింది.

“గట్లయితె నీ తమ్ముడు?”

“వాడు కూడా. అందరికంటే ముందు తాళంచెవి వాడి జేబులోనే ఉంది.”

“మెయిలు పోయినోళ్ళందరు?”

“అందరూ.”

“మెయిలు నీకు గూడ వచ్చింది గద?”

“వచ్చింది. నేను కూడా.”

గోడవారగా కూర్చున్నవాళ్ళలో ఒక ముసలాయన ముందు నవ్వాడు. “ఓయమ్మా, సేటు, సేటు అక్క, అందరు దొంగలేనా! మరి మేము ఏం పాపం చేసినం, మమ్ముల గూడ కలుపుండ్రి!” అన్నాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆమె భర్త తల ఎత్తాడు. ఆమె మాత్రం నవ్వలేదు, కానీ ఆ రోజు మొదటిసారి కూర్చుంది.

“సరే,” అంది తమ్ముడితో. “నామీద ఉన్నది అందరిమీద సమానంగ పడ్డదంటె నేను మోస్త. ఒక్కదాన్ని మొయ్య. ఒక మాట. కొత్త అంచు మగ్గం దిగేదాక కంప్యూటర్ల వెట్టొద్దు.”

“వెట్టను.”

“ఆమె ముందల అను.” నన్ను చూపించింది. “ఆమె అయితె మళ్ళ అడుగుతది.”

తమ్ముడు నా ముందు అన్నాడు.

అసలు జొన్నకంకులు ఎత్తుకుపోయిందెవరో ఈ రోజు వరకూ తేలలేదు. మెయిలు అందుకున్న కొట్లవాళ్ళలో ఒకరని తమ్ముడి నమ్మకం. నాకు ఏ నమ్మకమూ లేదు. ఆ వీధిలో ఎవరు నాతో మరీ ప్రేమగా మాట్లాడినా ఎందుకా అని ఆలోచిస్తాను. సైటాయన ఆ తరువాత నంబరు కాసేపటికే చచ్చిపోయేలా మార్చాడు. కరెంటు పోయినప్పుడల్లా మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తోందని తమ్ముడు మళ్ళీ గొణగడం మొదలుపెట్టాడు.

ఆమె మరునాడే పనిలోకి వచ్చిందని విన్నాను. నాతో చాలాకాలం ముభావంగానే ఉంది. తరువాత ఒకసారి షెడ్డుకు పోయినప్పుడు, కాగితం మీది నుంచి తల ఎత్తకుండా, “అక్కా, ఈ గడులు జర లెక్కవెట్టు. నేను లెక్కవెడితె నువ్వెట్లాగు నమ్మవు,” అంది. ఆమె పక్కన కింద కూర్చుని లెక్కపెట్టాను. సరిగ్గానే ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టాను.